నిలిచిన బండికి జ్వరం

జ్వరం రోగం కాదు. రోగానికి చిహ్నం మాత్రమే అని వైద్యులు చెబుతారు. అనుభవం గల వైద్యుడు "జ్వరం ఎంత ఉన్నది?" అని అడిగి ఊరుకోడు. "ఎప్పుడు వస్తున్నది? పగలా, రాత్రా? రోజూ వస్తున్నదా, రోజు విడిచి రోజా?" అని కూడా అడుగుతాడు. మొదటి ప్రశ్నకు ఉష్ణమాపకం సమాధానం చెబుతుంది. రెండవ ప్రశ్నకు రోగి చెప్పవలసిందే. ఆ రెండవ సమాధానంలోనే చికిత్సకు దారి కనిపిస్తుంది. ఇట్లా రోగకారణాన్ని వెదకి నిర్ణయించడాన్ని ఆయుర్వేదంలో "నిదానం" అంటారు. తెలుగులో ఆ మాటకు తొందరపాటు లేకపోవడం అనే అర్థం స్థిరపడ్డది. ఈ రెండర్థాలను తరగతిలో ఎన్నోసార్లు చెప్పినవాడినే గాని, రెండూ ఒకచోట కలిసి పనిచేయడం కండ్లారా చూచినది నిరుడు వేసవిలో, ఒక పాత మోటారు కారు ముందు.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంగ్లాండులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. అతని తండ్రి మా ఊరి బస్టాండు వెనుక రేకుల షెడ్డులో నలభై ఏండ్లు మోటారు మేస్త్రీగా పనిచేసి కాలం చేసినాడు. ఆ షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా అంబాసిడరు టాక్సీలు. కొడుకు సముద్రాలు దాటిపోయిన తరువాత, కొంత డబ్బు కూడబెట్టుకొని, 1965లో తయారైన ఎం.జి.బి. అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారును కొన్నాడు. "కొత్త కారు కొనుక్కోక ఈ ముసలిదాన్ని ఎందుకు తెచ్చుకొన్నావు?" అని అడిగితే, ఇంజను స్టార్టు చేసి, "వినండి మాస్టారూ, మా నాన్న షెడ్డు చప్పుడే" అన్నాడు.

అది ఉత్త మమకారంతో అన్న మాట కాదు. ఎం.జి.బి. కార్లను ఇంగ్లాండులో థేమ్సు నది ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ పట్టణంలో 1962 నుండి 1980 వరకు తయారుచేసినారు. మొత్తం అయిదు లక్షలకు పైగా తయారైనవి. ధనవంతుల వేడుక వాహనంగా కాక, సామాన్యోద్యోగి కూడా కొనుక్కోగల స్పోర్ట్సు కారుగా దానికి పేరు. దానిలోని నాలుగు సిలిండర్ల ఇంజను పరిమాణం 1798 ఘనసెంటీమీటర్లు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారు "బి-సిరీస్" అనే పేరుతో వెలయించిన ఇంజనుల కుటుంబంలోనిది అది. ఆ కుటుంబంలోనిదే మరొకటి, 1489 ఘనసెంటీమీటర్లది, మన అంబాసిడరు కారును దశాబ్దాల తరబడి నడిపించినది. కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాలో 1950ల చివరినుండి 2014 వరకు తయారైన అంబాసిడరుకూ, ఆబింగ్డన్‌లో పుట్టిన ఈ స్పోర్ట్సు కారుకూ ఆ విధంగా దగ్గరి చుట్టరికం ఉన్నది. మేస్త్రీ కొడుకు చెవి పొరపాటు పడలేదు.

అయితే ఆ చప్పుడును తీరికగా వినే భాగ్యం అతనికి లేకపోయినది. రోడ్డు మీద పోతున్నంతసేపు కారు చల్లగానే ఉండేది. కూడలిలో ఎర్ర దీపం దగ్గర ఆగితే చాలు, ఉష్ణమాపకం ముల్లు పైకి ప్రాకేది. బండి నిలిచి ఇంజను మాత్రం నెమ్మదిగా తిరుగుతూ ఉండడాన్ని మెకానిక్కులు "ఐడ్లింగు" అంటారు. పది పదిహేను నిమిషాలు ఐడ్లింగులో ఉంటే ముల్లు ప్రమాదస్థానాన్ని తాకేది. దగ్గరలోని ఒక మరమ్మతు శాలవారు మొదట థర్మోస్టాటు మార్చినారు. తరువాత వాటర్ పంపు మార్చినారు. ఆ తరువాత రేడియేటరే మార్చినారు. గుణం కనబడలేదు. చివరకు ఇంజను పూర్తిగా విప్పి కట్టవలసిందేనని తేల్చి ఒక అంచనా వ్రాసి ఇచ్చినారు. అది కారు కొన్న ధరలో సగానికి పైగా ఉన్నది. నేను వెళ్లేసరికి అతడు కారు అమ్మివేయడానికి నిశ్చయించుకొని, కొనేవారి కోసం చూస్తున్నాడు.

భయపడవలసిన విషయం కాదని అనడానికి వీలులేదు. ఇంజను మితిమీరి కాగితే హెడ్డుకూ దిమ్మెకూ నడుమ ఉండే గాస్కెట్టు కాలిపోవచ్చు, హెడ్డు వంకరపోవచ్చు. నూనె పలుచబడి, ఇరుసులకు ఆధారమైన బేరింగుల దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. ఈ ఇంజనులో కార్బురేటర్లూ, మండుతున్న పొగ గొట్టమూ ఒకే ప్రక్కన ఉంటాయి కనుక, బానెట్టు క్రింద వేడి పెరిగితే పెట్రోలు కార్బురేటరులోనే మరిగి ఇంజను తడబడుతుంది.

"అమ్మేముందు ఒక్కమాట చెప్పు. మీ నాన్నగారి దగ్గరికి ఇటువంటి బండి వస్తే ఆయన మొదట ఏమి చేసేవారు?" అని అడిగినాను. నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడిని. యంత్రశాస్త్రం నాకు తెలియదు. ఊరకే మాట కలిపి అతని మనసు తేలికపరచాలని అడిగినాను. అతడు కొంచెంసేపు ఆలోచించి, "పానా పట్టుకొనేవాడు కాదు మాస్టారూ. డ్రైవరును స్టూలు మీద కూర్చోబెట్టి, ఎక్కడ కాగింది? ఘాటు ఎక్కేటప్పుడా, రోడ్డు మీద పరుగెత్తేటప్పుడా, ఆగినప్పుడా? అని అడిగేవాడు" అన్నాడు. అన్న తరువాత తానే ఉలిక్కిపడ్డాడు. మరమ్మతు శాలలో ఆ ప్రశ్న అతనిని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నలోని బలం తెలియాలంటే ఇంజను వేడి ఎట్లా పోతుందో కొంత తెలుసుకోవాలి. పెట్రోలు మండగా పుట్టే వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే ఇంజను ఇరుసును త్రిప్పే పనిగా మారుతుంది. మరొక మూడవవంతు పొగతోపాటు వెనుక గొట్టంనుంచి వెలుపలికి పోతుంది. మిగిలినదానిలో చాలాభాగం ఇంజను గోడలకు అంటుకొంటుంది. దానిని నీరు గ్రహించి రేడియేటరుకు మోసుకొనిపోతుంది. రేడియేటరు సన్నని గొట్టాలలోనుంచి నీరు దిగుతూ ఉంటే, వాటి నడుమ రేకులలోనుంచి గాలి దూరి ఆ వేడిని ఎత్తుకొనిపోతుంది. రేడియేటరు అనే పేరుకు కిరణరూపంగా వేడిని వెదజల్లేది అని అర్థం. కాని నిజానికి అది వేడిని పోగొట్టుకొనేది ముఖ్యంగా గాలికి అప్పగించడంవల్లనే. పేరు ఒకటి, పని ఒకటి. గాలి లేని రేడియేటరు వేడినీళ్ల తొట్టి వంటిది.

కనుక ఇంజను ఆరోగ్యం నిప్పు, నీరు, గాలి అనే మూడింటి పొందిక మీద ఆధారపడి ఉన్నది. నిప్పు హద్దులో మండాలి. నీరు ఆగక ప్రవహించాలి. గాలి ఎడతెగక వీచాలి. ఈ మూడింటిలో ఏది తప్పినదో చెప్పేది "ఎప్పుడు" అనే ప్రశ్న. కారు వేగంగా పోయేటప్పుడు గాలి దానంతట అదే ఎదురువచ్చి రేడియేటరులో దూరుతుంది; ఫ్యాను అవసరమే అంతగా ఉండదు. అటువంటి సమయంలో ఇంజను కాగితే గాలిని శంకించ నక్కరలేదు. రేడియేటరు గొట్టాలు పూడిపోవడమో, నీటి ప్రవాహం తగ్గడమో, గాస్కెట్టు పోవడమో కారణం కావచ్చు. ఘాటు ఎక్కేటప్పుడు కాగితే, భారం ఎక్కువై నిప్పు పెరిగినది, నడక తగ్గి గాలి తరిగినది అని రెండు విధాల ఆలోచించాలి. తిరుమల కొండ మలుపులో బానెట్టు ఎత్తుకొని ఆవిరి చిమ్ముతూ నిలబడిన అంబాసిడరును చూచినవారికి ఇది కొత్త కాదు. నిలిచినప్పుడు మాత్రమే కాగి, నడిచేటప్పుడు చల్లబడితే? నిలిచిన ఇంజనులో నిప్పు కొంచెమే ఉంటుంది. ఎక్కువ నిప్పును మోయగలిగిన నీరు తక్కువ నిప్పును మోయలేకపోవడం అరుదు. అప్పుడు మొట్టమొదట అడగవలసినది గాలిని. తరువాత, ఐడ్లింగులో నిప్పు సకాలంలో మండుతున్నదా అని.

నా విద్యార్థి మరునాడే పనికి పూనుకొన్నాడు. "ఒక్కసారి ఒక్కటే మార్చాలి మాస్టారూ. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు" అని ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకొన్నాడు. మొదట సాక్షినే పరీక్షించినాడు. సాక్షి అంటే ఉష్ణమాపకం. ఈ కారులో అది పాతకాలపు పద్ధతిది. ఇంజనులో దిగే ఒక బుడ్డి, దానినుంచి ముల్లు వరకు సన్నని రాగి గొట్టం. చల్లారిన ఇంజనులోనుంచి బుడ్డిని బయటకు తీసి, మరుగుతున్న నీళ్లలో ముంచినాడు. ముల్లు 100 డిగ్రీలకు సరిపోయే చోట నిలిచినది. సాక్షి అబద్ధమాడడం లేదు. గురిపెడితే చాలు, ముట్టుకోకుండా వేడిని కొలిచే చేతి పరికరాలు ఈనాడు చౌకగా దొరుకుతున్నవి. అటువంటిదానితో థర్మోస్టాటు మూత దగ్గర కొలిస్తే, ఐడ్లింగులో 104 డిగ్రీలు చూపినది. ఆ థర్మోస్టాటు 82 డిగ్రీలకు తెరచుకొనేది. దానికి పైన ఎనిమిది, పది డిగ్రీలు పెరగడం రోగం కాదు. ఇరవై పైచిలుకు పెరగడం నిశ్చయంగా రోగమే.

మరి 104 డిగ్రీల వద్ద నీరు ఎందుకు మరగలేదని విద్యార్థులు అడగవచ్చు. రేడియేటరు మూత నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. చదరపు అంగుళానికి 10 పౌండ్ల ఒత్తిడిని నిలిపే మూత ఉంటే నీరు సుమారు 115 డిగ్రీలవరకు మరగదు. అందువల్లనే కాగిన ఇంజను మూతను ఎన్నడూ విప్పరాదు. విప్పిన క్షణంలో ఒత్తిడి పడిపోయి, అంతవరకు నిశ్చలంగా ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖాన చిమ్ముతుంది. ఈ ఒక్క సంగతి తెలియక చేతులు కాల్చుకొన్నవారు ఎందరో.

తరువాత నీరు. ఈ ఇంజను దిమ్మెకు వెనుకభాగాన నీరు వదలడానికి ఒక కుళాయి ఉన్నది. ఇంజను చల్లారిన తరువాత అతడు దానిని త్రిప్పితే చుక్క కూడా రాలేదు. తీగతో పొడిస్తే త్రుప్పు కలిసిన ఎర్రని బురద ధారకట్టినది. "దొంగ దొరికినాడు!" అని ఇద్దరమూ సంతోషించినాము. మూడు పూటలు శుభ్రపరచి మంచినీరు నింపినాడు. ముల్లు ఎక్కడిదాకా ఎక్కేదో అక్కడిదాకానే ఎక్కినది. బురద దోషమే, ఏనాడైనా తీయవలసినదే. కాని ఒక దోషం కనబడినంత మాత్రాన అదే రోగకారణం కాదని ఆ పూట తెలిసినది.

తరువాత నిప్పు. సిలిండరులో పిస్టను పైకి చేరడానికి కొంచెం ముందుగానే నిప్పురవ్వ పడాలి. అది ఆలస్యమైతే పెట్రోలు ఆలస్యంగా మండుతుంది. పనిగా మారవలసిన వేడి పొగదారి గోడలకు అంటుకొని నీటిలోనికి చేరుతుంది. ఇంజను వేగం పెరిగినకొద్దీ రవ్వను ముందుకు జరిపే ఏర్పాటు ఉంటుంది కనుక, ఈ లోపం ఐడ్లింగులోనే బాగా బయటపడుతుంది. పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు పెరిగినా మంట మందగించి ఇటువంటి ఫలితమే కలుగుతుంది. కార్బురేటరు ఇరుసులు అరిగి దొంగగాలి చొరబడడం పాత కార్లలో తరచుగా జరిగేదే. అతడు పరీక్షించగా దొంగగాలి లేదు. రవ్వ మాత్రం కొంత ఆలస్యంగా పడుతున్నది. సరిచేసినాడు. వేడి 104 నుండి 101కి దిగినది. నోటుబుక్కులో వ్రాసుకొన్నాడు. మూడు డిగ్రీల పాపం దీనిది. మిగిలిన పాపం ఎవరిది?

ఇక మిగిలినది గాలి. ఆబింగ్డన్‌లో తయారైననాడు ఈ కారుకు ఫ్యాను బెల్టుతో తిరిగేది; ఇంజను ఎంత నెమ్మదిస్తే ఫ్యాను అంత నెమ్మదించేది. 1976 తరువాత వచ్చిన ఎం.జి.బి.లకు కంపెనీవారే విద్యుత్తు ఫ్యాన్లు పెట్టినారు. ఈ 1965 కారుకు పూర్వపు యజమాని ఎవరో బెల్టు ఫ్యాను తీసివేసి, రేడియేటరు వెనుక ఒక విద్యుత్తు ఫ్యాను అమర్చినాడు. దానికి డ్రైవరు ముందు ఒక స్విచ్చి కూడా పెట్టినాడు. స్విచ్చి వేస్తే ఫ్యాను జోరుగా తిరుగుతున్నది. మరమ్మతు శాలవారు కూడా ఆ మాటే చెప్పినారట: "ఫ్యాను తిరుగుతున్నది, దానిలో లోపం లేదు." రేడియేటరు రేకులు శుభ్రంగా ఉన్నవి. రేడియేటరు చుట్టూ సందులు మూసే రబ్బరు పట్టీలు కూడా ఉన్నవి. ఆ పట్టీలు లేకపోతే, వెనుకకు పోయిన వేడిగాలి ప్రక్కలనుంచి ముందుకు తిరిగివచ్చి మళ్లీ రేడియేటరులోనే దూరుతుంది. అది కూడా నిలిచిన బండికే వచ్చే రోగం.

సాయంకాలం అతడు ఇంటిలోని నిలువు ఫ్యాను తెచ్చి కారు ముందు పెట్టి, రేడియేటరు మీదికి గాలి విసిరించినాడు. ముల్లు కొంత దిగి ఆగిపోయినది. గాలి లోపమేనని తేలినది. కాని ఇంత గాలికి అంత కొంచెమే దిగడం వింతగా ఉన్నది. ఆలోచిస్తూ నిలువు ఫ్యాను తీసివేసి లోపలికి వెళ్లినాడు. ఆ దేశంలో వేసవి సాయంకాలాలు కూడా నావంటివానికి చలిగానే ఉంటాయి. నేను కారు ముందు నిలబడితే మోకాళ్లకు వెచ్చగా తగిలి హాయిగా ఉన్నది. అతడు తిరిగి రాగానే, "నీ కారు మంచిదే నాయనా, చలి కాచుకోవడానికైనా పనికివస్తుంది" అన్నాను.

అతడు నా మొగం వంక చూచి, మోకాళ్ల వంక చూచి, పరుగున పోయి కారులోని ఫ్యాను స్విచ్చి ఆపినాడు. వెచ్చదనం ఆగిపోయినది. ఆ ఫ్యానును ఆపి ఉంచి, నిలువు ఫ్యానును మళ్లీ పెట్టినాడు. ఈమారు ముల్లు ఇందాకటికంటె త్వరగా, ఇందాకటికంటె క్రిందికి దిగినది. తోడుగాడిని తీసివేస్తే పని బాగా సాగుతున్నదన్నమాట! నిలువు ఫ్యాను తీసి, కారు ఫ్యాను వేసి, ఒక కాగితం ముక్కను కారు ముందరి జల్లెడకు ఆనించి పట్టుకొన్నాడు. లోపలికి అంటుకొనిపోవలసిన కాగితం బయటికి ఎగిరి గడ్డిమీద పడ్డది.

ఫ్యాను తిరుగుతున్నది నిజమే, వెనుకకు తిరుగుతున్నది. ఎదుటి చల్లగాలిని లోపలికి లాగవలసినది, ఇంజను దగ్గరి వేడిగాలిని తెచ్చి రేడియేటరు మీదుగా ముందుకు నెట్టుతున్నది. దాని రెక్కల వంపు కూడా ఆ దిక్కుకు తగినది కాదు గనుక ఆ గాలి సైతం అరకొరగానే ఉన్నది. కారు వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి దానిని జయించేది. నిలిస్తే అదే రాజ్యం ఏలేది.

ఎందుకిట్లా జరిగినదో కూడా తెలిసినది. ఈనాటి కార్లన్నిటిలో బ్యాటరీ ఋణధ్రువాన్ని కారు ఇనుప దేహానికి కలుపుతారు. పూర్వం అనేక ఇంగ్లీషు కార్లలో ధనధ్రువాన్ని కలిపేవారు. ఎం.జి.బి. కార్లలో 1967 వరకు ఆ పాత పద్ధతే ఉన్నది. ఫ్యాను అమర్చినవాడు కొత్త కార్ల అలవాటు చొప్పున నల్లతీగను కారు దేహానికి, ఎర్రతీగను స్విచ్చికి కలిపినాడు. పాత పద్ధతి కారులో దానివల్ల విద్యుత్తు తలక్రిందులైనది. అటువంటి మోటారుకు ధ్రువాలు మారితే ఆగిపోవడం ఉండదు. ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తప్పు చేస్తూ ఆగిపోయినదానిని వెంటనే పట్టుకొంటాము. తప్పు చేస్తూ చురుకుగా తిరిగేదానిని మెచ్చుకొంటాము.

రెండు తీగలను అటుది ఇటు, ఇటుది అటు మార్చడానికి పది నిమిషాలు పట్టినది. ఖర్చు లేదు. కాగితం జల్లెడకు అంటుకొని నిలిచినది. అరగంట ఐడ్లింగు తరువాత వేడి 89 డిగ్రీలు, అక్కడే స్థిరపడ్డది. అమ్మకం మాట మళ్లీ రాలేదు.

మరమ్మతు శాలవారిని నిందించడానికి ఇది వ్రాయడం లేదు. వారు మార్చిన వస్తువులన్నీ ఇంజను కాగడానికి కారణం కాగలిగినవే. కాని "ఏమి మార్చాలి?" అన్న ప్రశ్న "ఎప్పుడు కాగుతున్నది?" అన్న ప్రశ్నకు ముందు వచ్చినది. పరీక్షలో తప్పిన పిల్లవానికి ట్యూషను మార్చి, పుస్తకం మార్చి, బడి మార్చి, చివరకు వాడి బుద్ధినే శంకించే మనము, వాడు ఎక్కడ, ఎప్పుడు తడబడుతున్నాడో ఒక పూట ప్రక్కన కూర్చొని చూడము. ఉపాధ్యాయ వృత్తిలో ముప్పై ఏండ్లు గడిపినవాడిని గనుక ఈ మాట ముందుగా నాకే వర్తిస్తుంది. "చదువుతున్నాడు గదా" అని నేను సంతృప్తిపడిన పిల్లలలో, ఆ ఫ్యానువలె ఎదురు దిక్కుకు తిరుగుతున్నవారు ఎందరుండిరో! ఒక కాగితం ముక్కైనా అడ్డుపెట్టి చూచినవాడిని కాను.

ఆ రాత్రి పరికరాలన్నీ సర్దిన తరువాత కూడా అతడు ఇంజను ఆపలేదు. బానెట్టు మూసి, దాని మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. ముల్లు వంక చూడనవసరం లేకుండా ఆ చప్పుడు వినడం అతనికి అదే మొదటిసారి. భోజనానికి లోపలినుంచి రెండుమార్లు పిలుపు వచ్చినది. "ఇంకొక్క అయిదు నిమిషాలు, మాస్టారూ" అన్నాడు.